ఋణ మూలం

బోర్డు మీద ఓడ గీయడం నాకు రాదు.
ఒక డబ్బా గీసి, పైన పొగ పెట్టి
ఇదే ఓడ అన్నాను.
"పొగ అటు పోదు సార్,
మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి కదా!"
మూడో బెంచీ, మైలపల్లి సత్యవేణి.
పొగ చెరిపేశాను.

డెక్కు ఎత్తు పది మీటర్లు.
చివర ముడి బంతి ఉన్న సన్న తాడును
సెకనుకి ఐదు మీటర్ల వేగంతో పైకి విసిరితే
జెట్టీ మీద ఎప్పుడు పడుతుంది?
గురుత్వాన్ని పది అనుకుందాం.
తాడుకు బరువు లేదనుకుందాం, గాలి లేదనుకుందాం.
విశాఖలో గాలి లేదనుకోవడం
ఎంత పెద్ద అబద్ధమో
కిటికీ రెక్క టపటపా కొట్టుకుని చెప్పింది.

టీ వర్గం మైనస్ టీ మైనస్ రెండు
సున్నాకు సమానం.
నానిన చింతపండులోంచి గింజల్లా
రెండు మూలాలూ జారి చేతిలో పడ్డాయి.
ఒకటి రెండు. ఇంకొకటి మైనస్ ఒకటి.
"కాలం ఋణం కాదు, కొట్టేయండి."
ఇరవై రెండేళ్ళుగా కొట్టేయిస్తూనే ఉన్నాను.
నలభై పెన్నులు అడ్డంగా గీశాయి,
ఒక్కటి ఆగింది.

"మా నాన్నది పోర్టులో తాడందుకునే పని సార్.
పైనుంచి విసిరాక కదలడు, ముందే నడుస్తాడు.
తాడింకా వాళ్ళ చేతిలోనే ఉంటాది.
ఆ చెయ్యి వెనక్కి పోతాది చూడండి,
మైనస్ ఒకటంటే అది కాదా?"

కాదు.
ఆ వక్రాన్ని వెనక్కి పొడిగిస్తే
సరిగ్గా సెకను ముందు
బంతి ఓడ కడుపులో ఉండాలి,
బొగ్గును చీల్చుకుని
పదిహేను మీటర్ల వేగంతో పైకొస్తూ.
సమీకరణానికి ఓడ తెలీదు.
విసిరిన చెయ్యీ తెలీదు.
అంతా చెప్పాను. తలూపింది.
"పరీక్షలో కొట్టేస్తాన్లెండి" అంది,
నన్ను ఓదారుస్తున్నట్టు.

ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి
వాళ్ళ నాన్న ఎల్లాజీ వచ్చాడు.
కుడి బొటనవేలికి గోరు లేదు,
పెన్ను మధ్యవేళ్ళతో పట్టుకున్నాడు.
తాడు సంగతి అడిగాను.
"తాడు సూడకూడదు బాబూ,
ఇసిరినోడి బుజం సూడాల."
గాలుంటే?
"ఓ అడుగు ఎడంపక్క."
పడ్డానికి ఎన్ని సెకన్లు?
నవ్వేడు.
"రెండో, మూడో. ఎవుడు నెక్కెట్టేడు?"

ఈ ఏడూ అదే లెక్క,
అదే డబ్బా ఓడ, పొగ లేకుండా.
మైనస్ ఒకటి దగ్గరకొచ్చేసరికి
చివరి బెంచీలో ఎవడో కునికాడు.
సుద్దముక్క విసరడానికి
చెయ్యి వెనక్కి తీశానో లేదో
ఆ వరస తలలన్నీ వంగిపోయాయి,
కునికేవాడిది తప్ప.

సుద్ద ఇంకా నా చేతిలోనే ఉంది.