ఆఖరి పడవ

నోటుబుక్కు డిపోల ఇచ్చిందే.
వెనక సగం పాత వేబిల్లుల లెక్కలు,
ముందు పేజీ మీద కొత్త రాత:
కోమో చెరువు. ఆరు రోజులు. ఇద్దరు మనుషులు.

చెరువు కాదక్కా, సరస్సు అని రాయి, అంటది జుబేదా.
నీళ్లు నిలిస్తే చెరువే, అన్న.
పాకాలది చెరువు, రామప్పది చెరువు,
కోమోది ఏమెక్కువ?

చిట్టి ఎత్తినం ఇద్దరం.
ఆమె క్యాష్ కౌంటరు, నేను హన్మకొండ–ఏటూరునాగారం.
ఇరవై ఏడేండ్లు చిల్లర తెచ్చి ఆమె కిటికీల పోసిన.
ఒకనాడు రెండు రూపాయలు తక్కువొస్తే
కండ్లద్దాల మీదికెల్లి చూసిన చూపు
ఇంక యాదికున్నది.
గందుకే పైసల లెక్క ఆమెది,
టైముల లెక్క నాది.

మిలాన్ల రైలెక్కాలె. గంట పైన.
ఎడమ దిక్కు కూసోవాలె, నీళ్లు అటే కనబడతయట.
టికెట్ కాయితందైతే
ప్లాట్‌ఫారం మీది డబ్బాల పెట్టి
మనకు మనమే ముద్ర కొట్టుకోవాలె.
లేకుంటే జరిమానా.
ఈ ముక్క చదివి చానసేపు ఊకున్న.
మనిషి లేకుంటనా?
రైట్ రైట్ అనేటోళ్లు లేకుంట
బండి ఎట్ల కదులుతది?

రూము వరెన్నాల, రేవుకు దగ్గర.
కొండ మీద అగ్గువకు దొరుకుతయి గని
జుబేదా మోకాళ్లు సంతకం పెట్టయి.
మొదటిరోజు నిద్ర.
రెండోరోజు బెల్లాజియో, అటునుంచటే మెనాజ్జో,
రోజు పాసు తీస్తె ఎన్నిసార్లన్న ఎక్కుడు, దిగుడు.
ఆడోళ్లకు జీరో టికెట్ లేదు అక్కడ.
ఆఖరి నెలలు నేను కొట్టినయన్నీ అవే.
మిషను సున్నాలు కక్కుతుంటే
ములుగు సంతకు పోయేటోళ్లు
ఉత్తగ తీసుకునుడు మనసొప్పక
రెండు సీతాఫలాలు నా ఒళ్లె పెట్టెటోళ్లు.

మూడోరోజు వాన.
అంటే, వాన పడితే వాడుకునే రోజు.
పడకపోతే నాలుగోది మూడుకొస్తది.
రోజులకు గూడ డ్యూటీ మార్పిడా, నవ్వింది జుబేదా.

పగటీలి దుకాణాలు మూస్తరట.
చర్చిల భుజాలు కప్పుకోవాలె, అది మనకు కొత్తనా.
ఆమెకు హలాల్ కావాలె, నేను శనివారం నీసు ముట్ట,
ఇద్దరి కంచాలల్ల కలిసేది చీజు రొట్టె ఒక్కటే.
తొక్కు డబ్బాకు మూడు కవర్లు.
పాయిఖానకు ఒక యూరో బిళ్ల, ఎప్పుడూ కొంగుకు.

ఆఖరి పడవ టైము
రెండుసార్లు రాసి కింద గీత కొట్టిన.
అది తప్పితే అక్కడ ఏమైతదో తెల్వదు.
ఆఖరి బస్సు తప్పితే తెలుసు.
తాడ్వాయి దాటినంక ఒక రాత్రి,
పిల్లనెత్తుకొని ఉరికొస్తున్న ఆమెను
వెనక అద్దంలకెల్లి చూసి గూడ
రెండు బెల్లులు కొట్టిన.
లేటైంది. అడవి తొవ్వ. డ్రైవర్ ఓదెలు చూడలే.
ఆ పిల్ల తెల్లగౌను
మా ఎర్రలైటుల కొద్దిసేపు ఎర్రగుండె,
తర్వాత లేదు.

జుబేదాకు చెప్పలే ఇది.
ఆమె వేరే అడిగింది:
లక్నవరం చూసినవా అక్కా?
లక్నవరం పోయేటోళ్లు దిగాలె, దిగాలె, అని
చల్వాయిల ఎన్ని వేలసార్లు ఒర్లిననో.
నేను దిగలే.

అయితే ముందు గదే, అన్నది. ట్రయలు.

ఆదివారం పోయినం. పులిహోర, గొడుగు.
ఊగే వంతెన మీద ఆమె నా మణికట్టు వట్టుకుంటే
గాజు పలిగింది.
నీళ్లంటే భయమని ఇరవై ఏడేండ్లల్ల చెప్పలే ఆమె గూడ.
ఇటలీ వద్దా? అంటే
వద్దని ఎవరన్నరు, అని మెల్లగ
పడవల నడుమ సీటు వెతుక్కున్నది.

పొద్దు గూకుతున్నది. అది ఆఖరిది.
పిలగాడు ఇంజను మోగించిండు.
వంతెన మీద ఎవరో చెప్పులు చేతవట్టి ఉరుకుతున్నరు.
హోల్డాన్, అన్న నేను.
నా గొంతు నీళ్ల మీద చాన దూరం పోయింది.
టైమైపోయిందత్తా, అన్నడు పిలగాడు.
కానియి బిడ్డా, మనిషొస్తున్నది.

ఇంటికొచ్చి నోటుబుక్కుల గీత కింద రాసిన:
పది నిమిషాలు ముందే రేవుల ఉండాలె.
ఎక్కినంక ఒకసారి వెనకకు చూడాలె.