మచ్చలేని ఆకు

ఆచంట సెంటర్లో
పురుగుమందుల కొట్టు నాది.
ఇరవై ఏడేళ్ళుగా ఈ బల్ల మీద పడ్డవన్నీ
జబ్బుపడ్డ ఆకులే.

తడి పేపర్లో చుట్టి తెస్తారు,
లుంగీ మడతలో దోపుకొస్తారు,
ఒకాయనైతే ఏకంగా దుబ్బు పీకి
బురద కారుతుండగా తెచ్చి పెట్టాడు.
నేను కళ్ళజోడు పైకి జరుపుతాను.
నూలుకండెలా కొసలు సన్నగా ఉంటే అగ్గితెగులు,
నువ్వుగింజలా ఉంటే గోధుమమచ్చ,
పాముచర్మంలా అలలు తేలితే పొడ.
పేరు చెప్పి, సీసా ఇచ్చి, పద్దు రాసుకుంటాను.
కోతలయ్యాక, వడ్డీతో.
మంచి మచ్చ దొరికితే, కొత్తవాళ్ళకి చూపించడానికి
బల్ల మీది అద్దం కింద దాస్తాను.

హస్త కార్తె. నాలుగు రోజులుగా ముసురు.
సార్వా చేలన్నీ చిరుపొట్ట మీదున్నాయి.
పెచ్చెట్టి చంద్రావతి వచ్చింది,
ఎకరన్నర కౌలు, కార్డు లేదు,
భూమిగలాయన సంతకం పెట్టడు.
అరిచేతిలో ఒక్కటే ఆకు.

అటు తిప్పాను, ఇటు తిప్పాను,
ట్యూబులైటు కింద పెట్టాను.
గోరుతో గీకాను కూడా.
పచ్చగా ఉంది. అంతే.

"ఏమైందమ్మా దీనికి?"

"ఇంకా ఏం కాలేదండి.
అందుకే వచ్చాను."

బెంచీ మీదున్న నలుగురూ నవ్వారు.
నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

కొంగుతో తుడిచి ఫోన్ తీసింది.
పగిలిన అద్దం వెనక ఆమె మడి,
ఈశాన్యం మూల ఒక చుక్క ఎర్రగా.
పరిశోధన కేంద్రం నుంచి ఒక పిల్ల వచ్చి
దుబ్బుల మొదట్లో, నీటికి బెత్తెడు పైన
బొట్టుబిళ్ళంత రేకులు పదకొండు అంటించి వెళ్ళిందట.
లోపల తీగలట,
వెంట్రుకని వెయ్యిగా చీల్చితే ఎంతో అంత.
బూజు తొడుగుని తాకగానే
మొక్కకి లోపల్లోపల కంగారు పుడుతుందట,
మనకి జ్వరం ముందు ఒళ్ళు నొప్పుల్లాగా.
అది పసిగడతాయట.
మచ్చకి ఇంకా నాలుగు రోజులుందట.

"పన్నెండు సెంట్లకి చాలండి, వంద మిల్లీలు.
పైకం ఇప్పుడు లేదు."

మా నాన్న నేర్పిన లెక్క ఒకటుంది.
ఆకు చూపించినవాడికే అప్పు.
కనపడితే కొంటాడు, ముదిరితే మళ్ళీ కొంటాడు.
ఇవాళ వంద మిల్లీలు అడుగుతున్న మనిషి
వారం ఆగితే లీటరు అడుగుతుంది.
ఆగమని చెప్పడానికే నోరు తెరిచాను.

ఆమె బతిమాలలేదు.
ఫోన్ బల్ల మీద పెట్టి పక్కకి జరిగి నిలబడింది,
వెనకున్నవాళ్ళకి దారిచ్చి.
యూరియా బస్తా ఒకటి, ఎలకల మందు ఒకటి అమ్మాను.
అమ్ముతూ ఆ చుక్కనే చూస్తున్నాను.
చూస్తుండగానే దాని పక్కది పసుపు తిరిగింది.

సీసా తీసిచ్చాను.
పద్దులో తేదీ, పేరు, సరుకు రాశాను.
"తెగులు" అన్న గడి దగ్గర కలం ఆగింది.
ఖాళీగా వదిలేశాను.

ఆ పసుపు చుక్క ఉత్తిదేనని తర్వాత తెలిసింది,
ఎవరివో బాతులు రేకుని పొడిచాయట.
ఎర్రదో? ఏమో.
ఆదివారం, ఆమె గట్టు అవతలి చేను
నడింపల్లి వర్మగారు తడి పేపర్ విప్పారు.
పాముచర్మం, ఎక్కడా అనుమానం లేదు.
లీటరున్నర రాశాను.
ఆమె చేలో ఏమీ రాలేదు.

బెంచీ తీర్పు చెప్పేసింది:
"రాని తెగులుకి మందు కొట్టింది, డబ్బు దండగ."
నేను చిల్లర లెక్కపెడుతున్నట్టు తలొంచుకున్నాను.
రానిదాన్ని
ఏ ఆకు మీద చూపించను?

కోతల్లో ఆమె బాకీ తీర్చేసింది,
వడ్డీ పదకొండు రూపాయలు.

ఆ ఆకు ఇంకా అద్దం కింద ఉంది,
అగ్గితెగులు పక్కన, పొడకి పైన.
ఎండి గడ్డిరంగుకి వచ్చింది.
మొన్నొక కుర్రాడు, దాళ్వాకి కొత్తగా చేలో దిగినవాడు,
అద్దం మీద వేలు పెట్టి అడిగాడు:
"ఇదేం తెగులండీ?"

కళ్ళజోడు పైకి జరిపాను.