కుంటి బల్ల

పెదజాలరిపేట మునిసిపల్ బడి, మూడో తరగతి గది.
రాత్రి తొమ్మిదిన్నర.
పెట్టెలు గోడవారగా సర్దేసి
కానిస్టేబుల్ త్రినాథ్ గుమ్మంలో దోమల చక్రం వెలిగించాడు.
నేను బల్ల కింద దూరి
నాలుగో కాలి కింద కాగితం మడిచి పెడుతున్నాను.
ఊగుతోంది.
ఇంకో మడత.
ఇంకా ఊగుతోంది.

మా నాన్న ఓడ ఇంజన్లకి నూనె పోసేవాడు.
ఈ రేవులోనే ఎక్కి ఓసారి పెరూ దేశం దాకా పోయి
పదకొండు నెలలకి తిరిగొచ్చాడు.
కయావో రేవు అంటే
నానమ్మకి కయ్యం అని వినిపించింది.
"కయ్యాల ఊళ్ళో నీకేటి పనిరా?"
"నిజవేనే అమ్మా, కయ్యాల ఊరే," అని
నాన్న చాప మీద చతికిలబడి చెప్పిన కథ ఇది.

రేవు పక్క సారాకొట్టు ముసలాయన
సగం వేళ్ళతో, సగం వచ్చీరాని ఇంగ్లీషుతో చెప్పాడట.
వాళ్ళ ముత్తాత సెలెస్తీనో, వడ్రంగి.
అప్పట్లో ఆ దేశం పిట్టరెట్టల మీద బతికేది.
దీవుల నిండా కొండలు కొండలుగా రెట్ట,
తవ్వి ఓడలకెత్తి, ఆ సొమ్ము చూపించి అప్పులు.
ఎప్పుడూ దళవాయిలు కూర్చునే కుర్చీకి
ఆ ఏడు మామూలు కోటువాడొకడు పోటీకొచ్చాడు.
ఓటు నేరుగా అతనికి కాదు,
అతన్ని ఎన్నుకునేవాళ్ళని ఎన్నుకోడానికి.
ఆడవాళ్ళకి అదీ లేదు.
సెలెస్తీనోకి సొంత కొట్టుంది గనక ఉంది.

చర్చి ముందు మైదానంలో ఒక బల్ల వేస్తారు.
బల్ల ఎవరి చేతిలో ఉంటే
ఓట్లు వాళ్ళవి.
అందుకని అర్ధరాత్రి నుంచే రెండు లోగిళ్ళలో
కాల్చిన మాంసం, సారా, సంచుల్లో రాళ్ళు,
తెల్లారితే పరిగెత్తాల్సిన మనుషులు.
ఆ బల్ల చేసింది సెలెస్తీనోయే.
కూలి ముందే ముట్టింది.
రెండు పార్టీలూ, ఒకరికి తెలీకుండా ఒకరు.

నానమ్మ ఇక్కడ అడ్డం పడేది ప్రతిసారీ:
"ఇద్దరి కాడా తీసీసుకున్నాడా! మరి ఓటెవుడికేసేడు?"
"ఎవడికీ ఎయ్యలేదే."
ఎండెక్కేలోపు బల్ల తిరగబడింది.
నాలుగు కాళ్ళూ ఊడి నాలుగు దుడ్డుకర్రలయ్యాయి.
తను చిత్రిక పట్టి నునుపు చేసిన కాలే
తన భుజం విరిచింది.
సాయంత్రానికి ఊళ్ళో రెండు బల్లలు, రెండు లెక్కలు,
గెలిచామంటూ ఇద్దరూ కొట్టిన గంట మాత్రం ఒకటే.
సెలెస్తీనో ఒక కాలు ఏరుకుని ఇంటికి పోయి,
చెయ్యి కూడుకున్నాక
పెళ్ళానికి రొట్టెలకర్ర చేసిచ్చాడట.

నానమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అడిగింది, "మరి మిగతా మూడు కాళ్ళో?"
నాన్నకి తెలీదు.

దీపం ఆర్పాక సముద్రం దగ్గరికొచ్చింది.
నిన్న ఈ వీధిలో ఇంటింటికీ రెండేసి కవర్లు తిరిగాయని
త్రినాథ్ చీకట్లో గొణిగాడు.
నేను నిద్రపోయినట్టు పడుకున్నాను.
నిద్ర పట్టలేదు.

ఏడు గంటలకి తలుపు తీశాం.
మొదట వచ్చింది గరికిన దానయ్యమ్మ,
వరుస సంఖ్య నాలుగు వందల పన్నెండు,
చేతులకి పొలుసు, కొంగున ముడి.
ఆ ముడిలో ఏముందో నేను అడగలేదు.
వేలు చాచమంటే బల్ల మీద వాలింది.
బల్ల ఊగింది, సిరా సీసా జారబోయింది.
"ఏటమ్మా, కుంటిదా?"
"అవునమ్మా. రాత్రంతా సరిచేశాను."
ఆవిడ పక్కకి జరిగి
ఆ నాలుగో మూల మీద కుడిచెయ్యి ఆనించి,
పడవ అంచు పట్టుకున్నట్టు బరువంతా వేసి,
ఎడంచెయ్యి నా ముందు పెట్టింది.

"నువ్వు సిరా రాసీ. నానట్టుకుంటాన్లే."