నీళ్లలో రెండు రోజులు

ఈతముక్కల నుంచి తొలి బస్సులో
ఒంగోలొచ్చేది కల్లు.
క్యాను మూతకి కన్నం ఉండాలి,
లేకపోతే దారిలో పొంగి
కండక్టరు చొక్కా తడుపుతుంది.
మాలకొండయ్య తానే మోసుకొచ్చి
ల్యాబ్ మెట్ల మీద కూర్చునేవాడు.

"ఏం జేస్తారమ్మా దీన్ని?"
ఇందులో ఈస్టు ఉంటుంది,
దాన్ని పట్టి ఒక దీపం కింద పెడతాం,
దెబ్బ తిన్నాక ఎన్ని బతుకుతాయో లెక్కపెడతాం అన్నాను.
చాలాసేపు నవ్వాడు.
"కల్లు తాగి కొట్టుకునేవాళ్లను చూశా గానీ
కల్లునే కొట్టేవాళ్లను ఈడే చూస్తుండా."

నిజమే, నలభై సెకన్లు కొడతాం.
కణం లోపలి మెలిదిరిగిన నిచ్చెనలో
పక్కపక్క మెట్లు
ఒకదాన్నొకటి కరుచుకుంటాయి.
నకలు తీస్తూ ఎక్కి వచ్చేదానికి
అక్కడ కాలు పెట్టే సందు దొరకదు.

కిటికీకి నల్ల కాగితాలు అంటించింది నేనే,
ఎక్స్‌రే ఫిల్ములు చుట్టి వచ్చేవి.
ఒక్క చీలిక ఎండ పడిందా,
ఆ వెలుగు అందుకుని లోపలి పనివాడొకడు
కరుచుకున్న మెట్లను ఊడదీసేస్తాడు,
మా లెక్క చెడిపోతుంది.
మొదటి నెలంతా అట్టాగే చెడింది.

కొట్టిన వెంటనే
చక్కెర కలిపిన పళ్లెంలో పోసేదాన్ని,
పాపం తినండి అన్నట్టు.
వెయ్యికి పదకొండు బతికేవి.
ఒక్కోసారి పది. ఒకసారి తొమ్మిది.

ఏప్రిల్‌లో ఒకరోజు క్యాను రాలేదు.
ఫోను మాలకొండయ్యది,
గొంతు ఆయన కోడలు అంజనాదేవిది:
"మోకు తెగిందక్కా."
చేతిలో అప్పుడే కొట్టిన ట్యూబు.
ఉత్త నీళ్లలో కలిపి
చీకటి పెట్టెలో పడేసి పరిగెత్తాను.

పెద్దాసుపత్రి వరండాలో రెండు రాత్రులు.
తుంటి విరిగింది.
నా రక్తం ఒక సీసా ఆయనకి సరిపోయింది.
ఆపరేషన్ దాకా ఏమీ పెట్టొద్దు,
పెదాలు తడపండి చాలు అంది నర్సు.
దూదితో తడుపుతూ కూర్చున్నాం,
అంజన ఒకసారి, నేనొకసారి.

మూడోరోజు ట్యూబు గుర్తొచ్చింది.
తిండి లేదు, చచ్చే ఉంటాయి.
సింకు దాకా తీసుకెళ్లి కూడా
ఎందుకో పళ్లెంలో పోశాను.

నూట అరవై మూడు.
పళ్లెం వెనక స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టుకుంటూ
మూడుసార్లు లెక్కపెట్టాను.
"పాత సంగతేనమ్మా, ఎప్పుడో రాసిపెట్టారు" అన్నారు మా సారు,
కళ్లజోడు తుడుచుకుంటూ.
నా మొహం చూసి
టీ తెప్పించారు.

చక్కెర కనబడితే కణానికి తొందర.
మొగ్గ తొడగాలి, రెండు కావాలి,
విరిగిందాన్ని విరిగినట్టే నకలు తీసుకుంటూ
మధ్యలో కూలిపోతుంది.
ఉత్త నీళ్లలో ఏ పనీ లేదు.
చెడిన ముక్కని కోసి పారేసి
ఎదుటి వరస చూసుకుంటూ
అక్షరం అక్షరం పూరించుకుంటుంది.
రెండు వరసలూ తెగినచోట
తన దగ్గరున్న రెండో ప్రతి విప్పుకుంటుంది,
కాలిపోయిన దస్తావేజుకి
రిజిస్ట్రారాఫీసులో నకలు వెతుక్కున్నట్టు.

అన్నీ సరిగ్గా అతకవు.
పళ్లెంలో కొన్ని చిన్నవి, ఆవగింజంత,
గాలి వాడుకోవడం మరిచిపోయి
పులియబెట్టుకునే బతికేవి.
వాటినీ లెక్కలో వేశాను.

మళ్లీ ఫిబ్రవరి.
చేతికర్ర ముందు దిగింది బస్సులోంచి,
తర్వాత మాలకొండయ్య.
చెట్టు ఇప్పుడు బావమరిది కొడుకు ఎక్కుతున్నాడట.
"ఎక్కడం ఏముందమ్మా,
ఎక్కకుండా మంచంలో పడుండటమే చచ్చే చావు."
మెట్ల మీద కాలు బార్లా చాపుకుని
"ఎన్ని బతికినయ్?" అన్నాడు.

చెప్పాను. వెయ్యికి నూట అరవై మూడు.

"తక్కినయ్యో?"

నా నోటుబుక్కులో ఆ గడి లేదు.
ఆయన కాసేపు చూశాడు,
క్యాను మూత తిప్పి
రెండు చుక్కలు నేలమీద వదిలి
మిగతాది నా చేతికిచ్చాడు.