ఎడమ బొటనవేలు

పెద్దకర్మ భోజనాలయి, ఆకులు తీసేక
మా అన్న బోగేసు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.
జిరాక్సు.
అసలుది శ్రీకాకుళంలో ప్లీడరు గారి దగ్గరుందట.
"అత్త నా పేర్న రాసీసింది, సదువుకో" అన్నాడు
నా వైపు చూడకుండా, పళ్ళు కుట్టుకుంటూ.

నేను రాజాం రిజిస్ట్రాఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో
పదిహేడేళ్ళు వీలునామాలు టైపు కొట్టినదాన్ని.
"స్వస్థచిత్తంతో, ఎవరి ప్రేరేపణా బలవంతమూ లేకుండా" –
ఈ ముక్క నా వేళ్ళకి కంఠతా వచ్చు.
ముసలివాళ్ళని రెండు చంకల కిందా పట్టుకుని
నిలబెట్టి తెచ్చినవాళ్ళ పక్కన కూచుని కూడా
అదే ముక్క కొట్టాను.
పేజీకి పది రూపాయలు.

చదివాను.
మొదటి పేజీ అక్షరాల కంటే రెండో పేజీవి కొంచెం లావు.
మేనత్త పేరు తవిటేశ్వరమ్మ అని ఉంది.
ఎవరీ ఈశ్వరి?
ముందు పుట్టిన ముగ్గురూ దక్కక,
చేటెడు తవుడికి పొరుగింటికి అమ్మి
మళ్ళీ కొనుక్కున్న పిల్ల మా తవిటమ్మ.
ఆ పేరుకి తోక తగిలించే ధైర్యం
ఆమె బతికుండగా ఎవరికీ లేదు.

ముప్పై రెండు సెంట్లకి తూర్పు హద్దు, తారు రోడ్డు.
తారీకు చూస్తే కాగితం రోడ్డు కన్నా ఆరేళ్ళు పెద్దది.
తిత్లీ గాలి కొట్టిపోయిన మరుసటేడు కదా ఆ రోడ్డు వేశారు,
అంతకుముందు అక్కడ డొంక, మోకాల్లోతు నీళ్ళు,
అత్త చీర ఎగదోపుకుని దాటేది.

ఇవన్నీ అన్న సర్దేసుకోగలడు.
టైపు కొట్టినోడి తప్పంటాడు.
ఆ తప్పులు నాకూ తెలుసు.

చివర్న ఉంది వేలిముద్ర.
ఎడమచేతి బొటనవేలు.
ఎంత చక్కగా పడిందో!
గీత గీతా లెక్కపెట్టొచ్చు,
అప్పుడే దున్నిన మడిలా.

పొందూరులో అరవై ఏళ్ళు కొండపత్తి వడికిన చెయ్యి అది.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వి
కుడిచేత్తో రాట్నం తిప్పుతూ
ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి
కంటికానని దారం లాగి లాగి
ఆ వేలి మీద గీతన్నది మిగల్లేదు.
చింతపిక్కలా నున్నన.
రేషను డిపోలో మిషను మీద పెడితే
నెలనెలా ఎర్రదీపమే.
డీలరు తడిగుడ్డతో తుడిపించి, తలకి రాయించి, ఊదించి
ఆఖరికి కళ్ళు చూపించమనేవాడు.
"నానున్నట్టు నా ఏలికి తెల్దురా" అని నవ్వేది,
బియ్యం సంచీ నెత్తికెత్తుకుంటూ.

అందుకే కదా ఖద్దరు సంఘంలో గుమస్తా సంతకం నేర్పాడు.
త వి ట మ్మ.
వి మీద గుడి ఎగిరి ట నెత్తిన వాలేది.
చిలపల లెక్క పుస్తకం ముందు నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని
ఆ నాలుగక్షరాల కోసం
వెనక వరసంతా ఆపేసేది.

ఆ సంతకం ఈ కాగితంలో ఎక్కడా లేదు.

"ఈ ఏలు ఎవరిదన్నా?"

బోగేసు మొహం తెల్లబోలేదు, అవన్నీ కథల్లో.
పుల్ల విరిచి పారేశాడు.
"నువ్వెన్ని కొట్టలేదేటి, ఇలాటివి?"

కొట్టాను.

రెండో సాక్షి, వదిన తమ్ముడు గురయ్య,
గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు
కాళ్ళకి వేసుకునే ఉండి.

రాట్నం ఊసు వీలునామాలో లేదు.
గోడవార అలాగే ఉంది, కదురు మీద సగం దారంతో.
కొస పట్టుకుని లాగబోయాను,
నా వేలికి తెగిపోయింది.

కాగితం ఇమ్మని అన్న చెయ్యి చాపాడు.
మడతలు మళ్ళీ నాలుగూ వేసి
నా సంచీలో పెట్టుకున్నాను.