జోన్ టూ

వల్పరైసోలో ఆ ఇంటికి చేరాలంటే
నూట అరవై రెండు మెట్లు.
మోసింది నేనే:
పదకొండు కిలోల రిసీవరు, రెండు చుట్టల వైరు,
డ్రిల్లు, పాత నడుంనొప్పి.

కింద చెల్లెలు మెలానియా.
మేడమీద అక్క ఎదువీహిస్.
ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు.
కారణం నేనడగలేదు. అయినా చెప్పారు, ఎవరికి వారు:
కింద చెప్పినదాంట్లో ఒక కుట్టుమిషను ఉంది,
పైన చెప్పినదాంట్లో లేదు.

"ఒక పెట్టె చాలు, దోన్ నివాల్దో, రెండిటికి డబ్బెక్కడిది?"
ఈ ఒక్క మాట మాత్రం
ఇద్దరూ అక్షరం పొల్లుపోకుండా అన్నారు.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గాని
ఈ నల్లపెట్టెని వెనక్కి తిప్పి చూడండి,
జోన్ వన్, జోన్ టూ, పక్కపక్కనే నాలుగేసి రంధ్రాలు.
ఎర్రతీగ ఎర్రదానికి, నల్లతీగ నల్లదానికి.
ఒక్కటి తారుమారైతే
ఈ స్పీకరు ముందుకు తోసిన గాలిని
ఆ స్పీకరు వెనక్కి లాగేసుకుంటుంది.
పాట వినబడుతుంది, అడుగుండదు.
ఆ ఇంట్లో ఈ సంగతి
ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదనిపించింది.

రేకుగోడలో డ్రిల్లు దిగినప్పుడు
వీధి కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి.
రేవులో ఓడ ఒకటి బదులు పలికింది.

గోడలకి చెవులుంటాయని వినడమే.
మేడగోడకి శనగగింజంత కన్ను అతికించింది నేను.
అక్క రిమోటు నొక్కితే అది చూస్తుంది,
చూసింది చూసినట్టు తీగవెంట కిందికి దిగి
రిసీవరు ముఖం ముందు
చాడీలు మోసినట్టు మళ్ళీ మినుకుతుంది.

అంతా అయ్యాక తెలిసింది.
చవక మోడలు. డిజిటల్ ఏదీ జోన్ టూకి పోదు.
ఎదువీహిస్ ఫోన్లో దాచుకున్న ఆరువందల పాటలూ
చెల్లెలి గదిలోనే ఆగిపోతాయి.
పైకెక్కేది పాత తీగల్లోంచి వచ్చేది మాత్రమే,
అంటే రికార్డు ప్లేయరు.
అది మెలానియా మంచం పక్కన ఉంది.

"ఇంకో పెట్టె ఎంతవుతుంది?"
చెప్పాను.
చాలాసేపు సముద్రంవైపు చూసి,
"ఉండనీ," అంది.

రిమోటు అన్నీ చేస్తుంది:
వెలిగిస్తుంది, ఆర్పుతుంది, పెంచుతుంది, తగ్గిస్తుంది.
రికార్డు తిరగెయ్యలేదు.

మూడు వారాలకి మిగిలిన డబ్బుకోసం మళ్ళీ ఎక్కాను.
మధ్యాహ్నం, పొగమంచు ఇంకా విడలేదు.
రెండంతస్తుల్లో ఒకే బొలేరో,
కింద కాస్త ముందు, పైన కాస్త వెనక అనిపించింది.
అలా జరగదు, వైరు నాకు తెలుసు,
మెట్లెక్కిన ఆయాసమయ్యుంటుంది.

మేడమీద ఎదువీహిస్ బఠాణీలు ఒలుస్తోంది.
పాట అయిపోయింది.
చర్ర్ మని సూది ఖాళీ గాడిలో తిరుగుతోంది.
నేను కవరు అందుకోబోయాను.
"ఆగండి," అని
పచ్చచేత్తోనే రిమోటు తీసి
కన్నువైపు చూపించి
సౌండు పెంచింది.

చర్ర్. చర్ర్. చర్ర్.
ఇల్లంతా ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు.
అద్దాలు సన్నగా అదిరాయి.

కింద దగ్గు.
చెప్పులీడ్చిన చప్పుడు.
ప్లాస్టిక్ మూత లేచింది. రికార్డు అటు తిరిగింది.
సూది దిగింది, కొంచెం కోపంగానే.

రెండో వైపు మొదలయ్యాక
ఆవిడ సౌండు తగ్గించింది, మూడు గీతలు.
బఠాణీల గిన్నె మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.
"ఎనిమిది పాటలు ఆ వైపు," అంది నాతో,
లేక కన్నుతోనో.

కింద మెలానియా ఇచ్చిన కవర్లో వెయ్యి పెసోలు తక్కువ.
అడగబుద్ధి కాలేదు.
దిగుతూ మెట్లు లెక్కపెట్టాను,
నూట అరవై ఒకటే వచ్చాయి.