వచ్చిపోయేవాళ్ళ పుస్తకం

రెండు గదులు. ఒక వరండా.
ఏటిగట్టుకు ఇవతల పద్దెనిమిది గజాలు,
గట్టు ఏఈ గారి టేపు ప్రకారం.
నా అడుగుల ప్రకారం ఇరవై రెండు.
ఇంతకే పదకొండు కాగితాలండి.

పంచాయతీ తీర్మానం, ఇంటిపన్ను రసీదు,
అభ్యంతరం లేదని ఫైర్‌స్టేషన్ వాళ్ళ ముక్క ఒకటి.
ఎర్ర సిలిండరు కొన్నాను,
చుట్టూ నీళ్ళున్న సఖినేటిపల్లి లంకలో.
కొట్టువాడు నవ్వాడు.
నేను నవ్వలేదు.
మా అమ్మ పీచుకుప్ప అంటుకున్న రాత్రి
గోదారి అక్కడే ఉంది,
చూస్తూ.

దస్తావేజు తెమ్మన్నాడు సర్వేయరు.
తెచ్చాను. పద్నాలుగు సెంట్లు.
గొలుసు వేసి లాగితే తొమ్మిదే తేలింది.
"మిగతా అయిదూ?"
చెయ్యి చాపి చూపించాను.
ఆ గుర్రపుడెక్క తేలుతోంది చూశారా,
అక్కడుండేదండి మా దొడ్డి.
ఆయన కాసేపు నీటివంక చూసి
కాగితం అంచున "ప్రస్తుతం నదిలో" అని రాసి
సంతకం పెట్టాడు.
సర్కారువాళ్ళు రాసిన మాటల్లో
నేను పూర్తిగా నమ్మింది అదొక్కటే.

సచివాలయంలో హిమజ అనే పిల్ల
సర్వరు పడుకున్న రోజుల్లో
నిబంధనలు చదివి వినిపించేది.
గదికో కిటికీ, కిటికీకి దోమతెర,
గోడకి ధరల పట్టిక,
దిగినవాళ్ళ పేరు, ఊరు, ఆధారు,
ఎక్కణ్ణించి వచ్చారు, ఎక్కడికి పోతారు.
పరదేశీ వస్తే తెల్లారేలోగా స్టేషనుకి కబురు.
"ఎక్కడికి పోతారు" అన్న గడిలో
సగంమంది "ఇంటికి" అని రాస్తారని
అప్పటికి మా ఇద్దరికీ తెలీదు.

రాయని నిబంధనలు గట్టు మీద దొరికాయి.
పెళ్ళికాని జంటకి ఇవ్వకు, ఊరు ఊరుకోదు.
తాగేవాళ్ళకి ఇవ్వకు అన్నవాడే
సీసా ఎంతకి తెప్పిస్తావని మెల్లిగా అడిగాడు.
రిసార్టు మేనేజరు బండి ఆపి
"పేటలో ఎవరు దిగుతారమ్మా" అన్నాడు,
జాలిగానే.

లైసెన్సు వచ్చేసరికి
దరఖాస్తు నాడు నాటిన అరటిపిలకలు గెలలేశాయి.
యజమాని: నేతల రాహేలు.
గదులు: రెండు. గడువు: ఏడాది.
అద్దం కట్టించి తలుపు పక్కన కొట్టాను.
మేకు నాలుగుసార్లు వంకరపోయింది.

మొదటి కుటుంబం ఏలూరు నుంచి.
గదికి పన్నెండొందలు, బేరం లేదు.
చింతచిగురు వేసి రొయ్యలు వండాను.
వాసనకి పిల్ల వంటింటి గుమ్మంలోనే తిష్ఠ వేసింది.
విస్తళ్ళు పరిచి మంచినీళ్ళు పెడుతుంటే
పెద్దాయన అడిగాడు, ఎంతో మర్యాదగా,
"మీరేంటండీ?"

ఈ జిల్లాలో ఆ ప్రశ్నకి
అర్థం చెప్పక్కర్లేదు.

గరిట కింద పెట్టి
పుస్తకం తెచ్చి ఆయన ముందు తెరిచాను.
మీరడిగిన గడి ఇందులో లేదండి.
ఎస్సై గారు అడగలేదు, సర్వేయరు అడగలేదు.
బ్యాంకులో రాయితీకని ఒక్కచోట అడిగితే చెప్పాను.
అది అప్పుకండి,
అన్నానికి కాదు.

ఫ్యాను తిరుగుతోంది.
ఆవిడ విస్తరి చూసుకుంటోంది.
పిల్ల మాత్రం అప్పటికే
వేళ్ళు నాకుతూ "ఇంకొంచెం" అంది.
ఆవిడ, ఆయన వైపు చూడకుండానే,
తన విస్తరి ముందుకి జరిపింది.
ఆయన రెండు అరటిపళ్ళు తిని
ఆకలి లేదన్నాడు.

పొద్దున్నే లెక్క చెల్లించి
అభిప్రాయం అన్న గడిలో ఆయనే రాశాడు,
గుండ్రటి అక్షరాలతో:
"రొయ్యలు బాగున్నాయట."

వాళ్ళు వెళ్ళాక చాలాసేపు
ఆ చివరి "ట" మీద వేలు పెట్టి కూచున్నాను.
కొట్టెయ్యొచ్చు. పుస్తకం నాదే.
కానీ దిద్దుబాట్లు చెల్లవని
మొదటి పేజీలోనే అచ్చేశారు.

రేవులో పంటు హారను కొట్టింది.
ఎవరో దిగుతున్నారు, సంచులతో, టోపీలతో.
పెన్ను ఎక్కడ పెట్టానో.